తూకానికి రాని వెండి

వెండి బిళ్లలు దాచుకుంటానంటే మన ఆడవాళ్లెవరూ వింతగా చూడరు. ఎవరి బీరువాలో లేవు చెప్పండి? పెళ్లికి మేనత్త పెట్టింది, గృహప్రవేశానికి పసుపుకుంకుమలతో పాటు వచ్చింది, ధనత్రయోదశికి ఉండబట్టలేక కొన్నది, తిరుమల నుంచి తెచ్చుకున్న శ్రీవారి డాలరు, అన్నీ ఒకే గుడ్డసంచీలో గలగలలాడుతూ ఉంటాయి. అయితే "ఇది ప్రూఫ్ ఫినిషింగ్ అండీ, వేలు తగలనివ్వకండి" అంటే మాత్రం ఎదుటివాళ్ల మొహం మారిపోతుంది. "ముట్టుకోకూడని వెండి మనకెందుకు వదినా?" అని మా ఆడపడుచు ఒకసారి అడిగింది.

అడగాల్సిన ప్రశ్నే. అప్పటికి నవ్వి ఊరుకున్నాను గానీ, ఈ వేసవిలో దానికి జవాబు చెప్పుకోవలసిన అవసరం నాకే వచ్చింది. అందుకే ఇవాళ వంటలూ పిల్లల కబుర్లూ పక్కనపెట్టి నా బిళ్లల డబ్బా సంగతి రాస్తున్నాను.

నేను పుట్టింది జగ్గయ్యపేట, మెట్టింది నందిగామ. రెండింటికీ మధ్య బస్సులో ముప్పావు గంట. 2022 ఏప్రిల్ 4 నుంచి రెండూ ఎన్టీఆర్ జిల్లాలోకి వచ్చాయి. అయినా మీదే ఊరంటే "కృష్ణా జిల్లా, పైవైపు" అనే ఇప్పటికీ నోటికొస్తుంది. కాలవలు పారే డెల్టా కాదు మాది, మెట్ట. పత్తి, మిరప. మావారికి ఎరువులు, పురుగుమందుల కొట్టుంది. రైతు చేతిలో డబ్బాడితేనే మా చేతిలో ఆడుతుంది. అందుకే పెళ్లయిన కొత్తలోనే మా అమ్మ చెప్పింది, "నీకంటూ ఓ గుప్పెడు ఉంచుకో తల్లీ, అడక్కుండా తీసుకునేట్టు ఉంచుకో" అని. నేను చీరలకు ఫాల్సు, పీకో కుడతాను. ఆ డబ్బుతో బంగారం అందేది కాదు. మూడు నెలలకో పది గ్రాముల వెండి బిళ్ల అందేది. పన్నెండేళ్ల కిందట అలా మొదలైంది.

మొదట్లో అన్నీ సాదావే కొన్నాను. ఒకవైపు తామరపువ్వో లక్ష్మీదేవో, రెండోవైపు బరువు, 999 అనే అంకె. తర్వాత తర్వాత కొట్లో అద్దాల కింద వేరే రకాలు కనబడటం మొదలైంది. ఒకటే వెండి, ఒకటే బరువు, ధర మాత్రం ఎక్కువ. ఎందుకని అడిగితే "ఫినిషింగ్ మేడం" అనేవారు. ఆ ఒక్క మాట వెనక ఎంత పనుందో నాకు తెలుసుకోవాలనిపించింది.

సాదా బిళ్ల అంటే అచ్చుల మధ్య పెట్టి ఒక్క దెబ్బతో ముద్ర కొట్టినది. మిగతావాటితో కలిసి రాశిలో పడుతుంది, కాస్త ఒరుసుకుంటుంది, ఎవరికీ పట్టింపు లేదు. ప్రూఫ్ రకం అలా కాదు. ముద్ర వేసే అచ్చునే ముందు అద్దంలా మెరుగుపెడతారు. అందులో బొమ్మ ఉన్న భాగాన్ని మాత్రం గరుకుగా ఉంచుతారు. వెండి బిళ్లకు కూడా మెరుగుపెట్టి, నెమ్మదిగా, ఒకటికి రెండుసార్లు ఒత్తుతారు. చేతికి గ్లౌజు వేసుకునే తీస్తారు. బయటికొచ్చాక చూస్తే నేల అంతా అద్దం, బొమ్మ మాత్రం మంచుపట్టిన గాజులా తెల్లగా ఉంటుంది. ఒకవైపు తిప్పితే నేల నల్లగా, బొమ్మ తెల్లగా కనిపిస్తుంది. ఇంకోవైపు తిప్పితే నేలలో మన మొహం కనిపిస్తుంది.

యాంటిక్ ఫినిషింగు దీనికి సరిగ్గా ఎదురు. కొత్త వెండిని కావాలనే గంధకం కలిసిన మందుతో నల్లబరుస్తారు. ఆ తర్వాత ఎత్తుగా ఉన్నచోట్ల మాత్రం తుడుస్తారు. అమ్మవారి చీర మడతల్లో, కిరీటం గీతల్లో నలుపు నిలిచిపోయి, గుళ్లో దీపం వెలుగులో చూసినట్టు ఉంటుంది. ఇంకా రంగులు అద్దినవి, కొంత భాగానికి బంగారు పూత పూసినవి, బొమ్మ బాగా పైకి లేచేట్టు ఒత్తినవి ఉన్నాయి. నేను వీటిలో మొత్తం నాలుగే కొన్నాను. యాంటిక్ లక్ష్మి ఒకటి, రంగుల వినాయకుడు ఒకటి, బంగారు పూత ఉన్నది ఒకటి, ప్రూఫు ఒకటి. నాలుగో దాని కథ వేరే ఉంది, చెబుతాను.

ఈ పిచ్చి పట్టాక చిల్లర నాణేలు కూడా వేరుగా కనబడసాగాయి. మీ పర్సులో ఉన్న రూపాయో రెండు రూపాయలో తీసి, సంవత్సరం అంకె కింద చూడండి. చిన్న నక్షత్రం ఉంటే అది మన హైదరాబాదు టంకశాలలో పుట్టింది. డైమండు ఆకారం ఉంటే ముంబయి, చుక్క ఉంటే నోయిడా, ఏమీ లేకపోతే కోల్‌కతా. నిజాముల కాలంలో 1803లో మొదలైన హైదరాబాదు టంకశాల, 1903లో సైఫాబాదుకు, 1997లో చర్లపల్లికి మారింది. ఇది చెబితే మా అమ్మాయి కూరగాయల చిల్లర మొత్తం బోర్లించి నక్షత్రాలు వెతికింది.

సరే, అసలు విషయానికి వస్తాను. వెండి కొట్టులో కాటా ఉంటుంది కదా. దానికి బరువొక్కటే తెలుసు. అద్దం మెరుపు, నలుపు, రంగు, ఇవేవీ దానికి అందవు. కొనేటప్పుడు ఫినిషింగుకు డబ్బు తీసుకుంటారు, అమ్మేటప్పుడు దానికి పైసా కట్టరు. ఇందులో మోసమేమీ లేదు. మన వెండి లెక్క మొదటినుంచీ బరువు లెక్కే.

మా నానమ్మ దగ్గర పాత వెండి రూపాయలు ఉండేవి. విక్టోరియా రాణిది, ఐదో జార్జిది, ఏడో ఎడ్వర్డుది. ఎడ్వర్డు తలమీద కిరీటం ఉండదు కాబట్టి దాన్ని "బోడిగుండు రూపాయి" అనేది. ఆ రూపాయి ఎత్తే తులం. అంటే 11.66 గ్రాములు. పన్నెండు పాళ్లలో పదకొండు పాళ్లు వెండి. కంసాలి ఇంట్లో తూకపురాయి లేకపోతే రూపాయినే తక్కెట్లో వేసేవారట. ఇన్ని రూపాయలిచ్చి ఇన్ని తులాల కడియాలు చేయించుకోవడమంటే ఆ రూపాయలనే కరిగించడం. రాణి మొహం కరిగిపోయిందని ఎవరూ బాధపడలేదు.

1940లో యుద్ధకాలం వచ్చాక సర్కారు రూపాయిలో వెండిని సగానికి తగ్గించింది. 50 పాళ్లు వెండి, 40 పాళ్లు రాగి, 5 నికెలు, 5 జింకు. 1947 నాటికి ఆ సగం వెండి కూడా పోయి ఉత్త నికెలు రూపాయి వచ్చింది. మా నానమ్మ ఆరో జార్జి రూపాయిని అరుగు బండమీద వేసి, ఆ చప్పుడు విని పక్కకు తోసేసేది. "ఇది పలకదే" అనేది. చదువు రాని మనిషి. ఆ 50, 40, 5, 5 లెక్క ఆమెకు చెవిలో ఉంది.

ఇంకా వెనక్కి పోతే మా జగ్గయ్యపేటలోనే ఉంది సాక్ష్యం. ఊరి పక్కనున్న ధనంబోడు మీద బౌద్ధస్తూపం ఉండేదని చిన్నప్పుడు బళ్లో చెప్పారు. 1882లో బర్జెస్ అనే దొర అక్కడ తవ్వించాడు. దొరికిన శిల్పఫలకాలు మద్రాసు మ్యూజియానికి వెళ్లాయి. వాటిలో ఒకటి మాంధాత చక్రవర్తిది. రాజు చెయ్యి పైకెత్తి నిలబడి ఉంటాడు. చుట్టూ చక్రం, ఏనుగు, గుర్రం, రాణి. పైన మబ్బులు. ఆ మబ్బుల్లోంచి రాలుతున్నవి ఏమిటనుకున్నారు? నలుపలకల నాణేలు! ఇంచుమించు రెండు వేల ఏళ్ల నాటి శిల్పం. అప్పట్లో వెండి నాణెమంటే విద్ధాంక నాణెమే. వెండి రేకును ముక్కలుగా కోసి, సూర్యుడో చెట్టో ఏనుగో గుర్తులు ఒక్కొక్కటే గుద్దేవారు. ఒక్కోటి 32 గురివింద గింజల ఎత్తు, మన లెక్కలో మూడున్నర గ్రాములకు అటూఇటూ. తూకం ఎక్కువైతే మూల కత్తిరించి సరిచేసేవారు. అందం చెడినా ఫరవాలేదు, బరువు మాత్రం కచ్చితంగా ఉండాలి. ఆ దిబ్బకు ధనంబోడు అనే పేరుండటం, అక్కడే ధనం కురిసే శిల్పం దొరకడం నాకెప్పుడూ ముచ్చటగానే ఉంటుంది.

మా అత్తయ్య అచ్చంగా ఆ తరానికి చెందిన మనిషి. నేను యాంటిక్ లక్ష్మిని కొన్న ఏడాది, వరలక్ష్మీవ్రతానికి ముందురోజు పూజ వెండి మొత్తం తోమటానికి కూర్చుంది. చింతపండు, ముగ్గు, కొబ్బరిపీచు. కుందులు, పంచపాత్ర, కుంకుమభరిణె, ఆ వరసలో నా లక్ష్మి కూడా. నేను పెరట్లోకి వచ్చేసరికి అమ్మవారు పాలనురుగులా ఉంది. "ఏం అమ్మాయ్, కొత్తదని చెప్పి ఎంత నల్లటిది అంటగట్టాడో చూడు. నేను కాబట్టి వదిలించాను" అంది అత్తయ్య, చెమట తుడుచుకుంటూ. ఆ నలుపు కోసమే వెయ్యి రూపాయలు ఎక్కువ పెట్టానని నేను చెప్పలేదు. ఆవిడ రెండు గంటలు కష్టపడింది. పైగా కాటా మీద పెడితే 20 గ్రాములకు ఏమీ తగ్గదు. ఆ సాయంత్రం కలశం ముందు పెట్టినప్పుడు బాగానే ఉంది కూడా.

ఇక నాలుగోది.

2023 ఆగస్టు 28న ఎన్టీఆర్ శతజయంతి నాణాన్ని రాష్ట్రపతి ద్రౌపది ముర్ము గారు రాష్ట్రపతి భవన్‌లో విడుదల చేశారు. టీవీలో మీరూ చూసే ఉంటారు. వంద రూపాయల నాణెం. బజారులో చెలామణికి కాదు, దాచుకోవడానికి. తయారైంది హైదరాబాదు టంకశాలలోనే. సైఫాబాదు, చర్లపల్లి కౌంటర్ల దగ్గర జనం బారులు తీరారు. హైదరాబాదులో ఉండే మా తమ్ముడు వరసలో నిలబడి ప్రూఫ్ రకం, చెక్కపెట్టెతో ఉన్నది నాకోసం కొన్నాడు. దాదాపు ఐదు వేలు. నా జీవితంలో ఒక్క బిళ్లకు అంత డబ్బు పెట్టడం అదే మొదలు. 44 మిల్లీమీటర్ల వెడల్పు, 35 గ్రాముల బరువు. అందులో వెండి సగమే. లోహాల లెక్క కాగితం మీద చదివి ఒక్క క్షణం ఆగిపోయాను. 50 వెండి, 40 రాగి, 5 నికెలు, 5 జింకు. మా నానమ్మ అరుగుమీద వేసి తోసేసిన రూపాయి మిశ్రమమే ఇది!

ఆమె ఉంటే దీన్నీ తోసేసేదే. నేను కొన్నది వెండి కోసం కాదు, మా నాన్న కోసం.

నాన్న ఆర్టీసీ కండక్టరుగా చేసి రిటైరయ్యారు. రామారావు గారంటే ప్రాణం. "దానవీరశూరకర్ణ" వచ్చిన 1977లో సెకండ్ షో వదిలే వేళకు బస్సు పైన కూడా మనుషులేనని ఇప్పటికీ చెబుతారు. అలాంటి మనిషికి పదేళ్లుగా చూపు తగ్గుతూ వచ్చింది. నీటికాసులు. గ్లకోమాకి మన పెద్దవాళ్లు ఏం పేరు పెట్టారో చూడండి, అందులో కూడా కాసులే. పోయిన చూపు తిరిగి రాదని డాక్టరు ముందే చెప్పారు. 2023 నాటికి ఆయనకు వెలుతురు, చీకటి తేడా మాత్రం తెలిసేది.

వినాయకచవితికి తమ్ముడు నాణెం తీసుకుని జగ్గయ్యపేట వచ్చాడు. నేనూ వెళ్లాను. పెట్టె తెరిచి అందరం చూస్తున్నాం. నాన్న మంచం మీద నుంచే చెయ్యి చాపారు.

"ఏదమ్మాయ్ రామారావు బిళ్ల, ఇటియ్యి."

తమ్ముడు కంగారుపడ్డాడు. "నాన్నా, అది ప్రూఫు. చెయ్యి తగిలితే మచ్చ పడుద్ది. ఆ ప్లాస్టిక్ డబ్బీతోటే పట్టుకో."

డబ్బీతో ఇచ్చాం. నాన్న అటూ ఇటూ తిప్పి, "ఇది ప్లాస్టిక్కురా" అన్నారు.

నిజమే కదా. అద్దం మెరుపంతా మా కళ్లకు. ఆయన కళ్లు వేళ్లల్లో ఉన్నాయి. ముప్పై ఏళ్లు రాత్రి సర్వీసుల్లో, దీపం వెయ్యని బస్సులో, సంచీలో చెయ్యిపెట్టి బొటనవేలితోనే చిల్లర ఏరిన మనిషి. నలుపలకలైతే అయిదు పైసలు, ఆరు పలకలైతే ఇరవై, పూలరేకుల అంచైతే పది. నేను డబ్బీ తెరిచి నాణాన్ని ఆయన అరచేతిలో పెట్టాను. తమ్ముడు "అక్కా!" అన్నాడు. అప్పటికే నాన్న దాన్ని చేతిలో ఎగరేసినట్టు తూచి చూస్తున్నారు.

"మూడు తులాలుంటుంది."

ఇంటికొచ్చాక లెక్కవేశాను. మూడు తులాలంటే 34.98 గ్రాములు.

తర్వాత తువ్వాలుతో చెయ్యి తుడుచుకుని బొటనవేలితో వెతికారు. "ఇవి సింహాలు. ఇది వంద. అబ్బో, ఇంత పెద్ద బిళ్ల నా సంచీలో ఎప్పుడూ పడలా." తిప్పారు. "ఇదీ... ఇది ముక్కు. ఇదిగో నుదురు." అక్కడ చాలాసేపు ఆగారు. ఎవరం మాట్లాడలేదు. ఆ తర్వాత "బాగా కొట్టారు" అని నాకు తిరిగిచ్చేశారు.

నేను మెత్తటి గుడ్డతో కూడా తుడవలేదు. ప్రూఫ్ అద్దాన్ని తుడిస్తే వెంట్రుకల్లాంటి గీతలు పడతాయి, అవి మచ్చకన్నా చెడ్డవి. అంచు పట్టుకుని మళ్లీ డబ్బీలో పెట్టేశాను. నెల తర్వాత చూస్తే మొహం పక్కనున్న అద్దంలో లేత పసుపు మరక. దసరాకి, దీపావళికి అది ముదిరి గోధుమరంగుకు వచ్చింది. వంపులు తిరిగిన గీతలు, ఒక్కొక్కటీ విడివిడిగా.

ఇప్పుడు ఈ వేసవి. మీలో వ్యవసాయం ఇళ్లవాళ్లకు చెప్పక్కర్లేదు, 2025లో మిర్చి ధర ఎలా పడిపోయిందో. కోసిన కూలి కూడా రాలేదని రైతులు కొట్టుకొచ్చి చెబుతుంటే మావారు బాకీ అడగలేక తిరిగొచ్చేవారు. ఖాతా పుస్తకం నిండా పేర్లే, జమ కాలం ఖాళీ. మా అమ్మాయి ఇంజనీరింగు రెండో ఏడాది ఫీజు, హాస్టలుతో కలిపి 64 వేలు, జూన్ నెలాఖరులోగా కట్టాలి. మావారు నన్ను అడగలేదు. రాత్రిళ్లు ఆ పుస్తకం తెరిచి మూస్తుండేవారు. మూడో రాత్రి నేనే డబ్బా తెచ్చి బల్లమీద పెట్టాను.

అత్తయ్య వెంటనే అంది, "ముందా ముట్టుకోకూడనివి అమ్మెయ్. మామూలివి ఉంచు, పూజకైనా పనికొస్తాయి." పైకి చూస్తే సబబైన మాటే. నేను కాగితం తీసి లెక్క వేశాను. అది మీకు కూడా పనికొస్తుందని ఇక్కడ రాస్తున్నాను.

ఆ రోజు వెండి గ్రాము 105 రూపాయలు. నా సాదా బిళ్లలు యాభై, అంటే 500 గ్రాములు. పన్నెండేళ్లలో వాటికి నేను పెట్టింది సుమారు 27 వేలు. కాటా మీద 52,500. కొట్టు అతను తరుగు కింద నూటికి నాలుగు తీస్తే 50,400.

ఫినిషింగువి నాలుగు. పెట్టింది 10,400. కాటా లెక్కలో లక్ష్మి 2,100, బంగారు పూతది 2,100, రంగుల వినాయకుడు 1,050, ఎన్టీఆర్ నాణెంలో ఉన్న పదిహేడున్నర గ్రాముల వెండికి 1,837. మొత్తం 7,087. పైగా ఆ నాణాన్ని కొట్టు అతను కాటా ఎక్కించనే లేదు. "ఇది సర్కారు నాణెం అమ్మా. కరిగిస్తే నేరం, మేం తీసుకోం" అన్నాడు. ఆ మాట నిజం. 2011 నాణేల చట్టం ప్రకారం సర్కారు నాణేన్ని కరిగించకూడదు.

నాణేలు సేకరించే ఒకాయనకు ఫోటో పంపించాను. ఆయన పెద్దది చేసి చూసి ఫోన్ చేశారు. "వేలిముద్ర పడిందమ్మా. అదే లేకపోతే కొన్న ధరకు పైనే వచ్చేది. ఇప్పుడు సగానికి అడుగుతారు."

సగం అంటే రెండున్నర వేలు. ఫీజులో అది ఎంత? కానీ నేను ఇవ్వనన్నది రెండున్నర వేలు చాలవని కాదు. ఆ మధ్య నాన్న పింఛను కోసం వేలిముద్ర వేయించడానికి వెళితే యంత్రం పట్టలేదు. నాలుగుసార్లు, ఐదుసార్లు, చెయ్యి కడిగి, నూనె రాసి, ఎంత ప్రయత్నించినా గుర్తు రాలేదు. "పెద్దాయన వేలు అరిగిపోయింది" అన్నాడు ఆ అబ్బాయి. చిల్లర లెక్కపెట్టీ పెట్టీ అరిగిన వేలు మరి. యంత్రానికి దొరకని ఆ గీతలు నా దగ్గర వెండిమీద ఉన్నాయి. ఫోన్లో ఆయనకు ఇదంతా చెప్పలేదు. "అమ్మే ఉద్దేశం లేదండీ, ధర తెలుసుకుందామని" అన్నాను.

సాదావి యాభై అమ్మేశాను. మిగతా పదమూడు వేల ఆరొందలు మావారు సర్దారు. గడువుకు రెండురోజుల ముందే ఫీజు కట్టేశాం. కొట్టు అతను బిళ్లలన్నీ ఒక్కసారి కాటాలో గుమ్మరించాడు. వాటిలో ఏది ఏ ఏడాది కొన్నదో నాకు తెలుసు గానీ, చూస్తే అన్నీ ఒక్కలాగే ఉన్నాయి. అందుకే చెయ్యి వణక్కుండా ఇవ్వగలిగాను అనుకుంటాను. సాదా వెండి ఉన్నది అందుకే. అది ఇంటి కష్టానికి.

"ముట్టుకోకూడని వెండి మనకెందుకు" అన్న మా ఆడపడుచుకు ఇప్పుడు జవాబు చెప్పగలను. కొనేముందు రెండు పద్దులు వేరుగా రాసుకోవాలి. ఒకటి దాపు, రెండోది ముచ్చట. దాపుకు ఎప్పుడూ సాదాదే కొనండి. పైపనికి తక్కువ ఖర్చు, అమ్మేటప్పుడు తగ్గేదీ తక్కువే. ముచ్చటకు కొనేది చీర కొన్నట్టే. చీరను తిరిగి అమ్ముతామా? కట్టుకున్నప్పటి సంతోషమే దాని ధర. ముచ్చట మనకెందుకు అని మాత్రం నేనను. ఇంటిల్లిపాదికీ అమర్చే ఆడవాళ్లం, ఏ పనికీ రాని అందమైన వస్తువు ఒకటి, మన కుట్టుపని డబ్బుతో, చూసుకోవడానికి మాత్రమే కొనుక్కుంటే తప్పేముంది? పదింట ఒక వంతు చాలు. మొత్తం డబ్బా ముచ్చటతోనే నిండి ఉంటే జూన్‌లో నా పరిస్థితి వేరే.

కొనే ఉద్దేశం ఉన్నవాళ్లకు నాలుగు ముక్కలు. బిళ్లమీద 999 అనే అంకె, బరువు, తయారుచేసినవారి పేరు ఉన్నాయో లేదో చూడండి. సీలు ఉన్న ప్యాకెట్టు అయితే దానిమీద నంబరు, బిల్లుమీద నంబరు ఒకటేనా చూసుకోండి. జీఎస్టీ 3 శాతం పడుతుంది, బిల్లు వద్దనకండి. నగలకు, వెండి సామానుకు 2025 సెప్టెంబరు 1 నుంచి హాల్‌మార్కుతో పాటు విడి గుర్తింపు సంఖ్య వేసే పద్ధతి వచ్చింది. ప్రస్తుతానికి తప్పనిసరి కాదు, కానీ అడగటం మన హక్కు.

దాచేటప్పుడు వెండికి శత్రువు గంధకం అని గుర్తుపెట్టుకోండి. రబ్బరుబ్యాండ్లు, న్యూస్‌పేపరు, ఉన్ని బట్ట, వంటింట్లో ఉల్లి, కోడిగుడ్డు, అన్నిట్లోనూ ఆ గాలి ఉంటుంది. మా ఇంట్లో అయితే మరీను. మిరపకు బూడిద తెగులు వస్తే కొట్టే మందే గంధకం, మావారి చొక్కాకే అంటుకుని వస్తుంది. అందుకే నా డబ్బా కొట్టువైపు గదిలో పెట్టను. మెత్తటి పీవీసీ కవర్లు వద్దు, కొన్నాళ్లకు జిగటగా పచ్చని మరక వదులుతాయి. గట్టి ప్లాస్టిక్ డబ్బీ, అందులో మందుల సీసాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లం ఒకటి. ప్రూఫు, యాంటిక్ రకాలు పూజగదిలో వద్దు. కర్పూరం పొగ, పసుపునీళ్లు వాటికి పడవు. అన్నిటికన్నా ముఖ్యం, చింతపండు ఉన్నచోట పెట్టకండి. అత్తగారు ఉన్న ఇల్లయితే ఇంకా జాగ్రత్త!

మా అత్తయ్య ఇది చదివినా ఏమీ అనుకోదు లెండి. మెరవని వెండి వెండేనా అనే ఆవిడ ఇప్పటికీ అంటుంది. రేపు శ్రావణమాసం వస్తే లక్ష్మిని మళ్లీ తోముతుంది. తోమనీ. ఆ బిళ్ల ఇప్పుడు ఆవిడదే, అలా పూజలోనే ఉంది.

మొన్న దీపావళికి వెండి గ్రాము నూట డెబ్బై దాటింది. "నాలుగు నెలలు ఆగితే ముప్పై వేలు ఎక్కువొచ్చేవిగా" అని ఇద్దరు ముగ్గురు లెక్కలు చెప్పారు. కాలేజీ గడువు దీపావళి దాకా ఆగదు కదండీ. ఎప్పుడు అవసరమైతే అప్పుడు అమ్మగలగడానికే అవి కొన్నాను, ఎక్కువ ధరకు అమ్మడానికి కాదు.

ధనత్రయోదశి రోజు నాలుగు చీరల ఫాల్సు డబ్బులు, పాత నోట్లు కలిపి పది గ్రాముల సాదా బిళ్ల ఒకటి తెచ్చుకున్నాను. పన్నెండేళ్ల కిందట మూడు బిళ్లలు వచ్చే డబ్బుకు ఇప్పుడు ఒక్కటే వచ్చింది. ఖాళీ డబ్బాలో వేస్తే టంగుమని మోగింది. ఇంకా నలభై తొమ్మిది.